కొండదారి ఎవరిది?

జాతీయోద్యానమను మాట చెవిని బడగానే మన మనస్సులో మెదలు దృశ్యమొకటి కలదు. ముందొక తనిఖీ ద్వారము, దానికి అడ్డముగా వాల్చిన వెదురుబొంగు, ప్రక్కన అటవీశాఖవారి గది. అచట చీటి పుచ్చుకొని, చెప్పిన వేళకు లోనికి పోయి, చెప్పిన వేళకు వెలుపలికి రావలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టి మనదేశమున జాతీయోద్యానములో అడుగిడుటకు అనుమతి కావలెను. నిషేధము మొదటిది, అనుమతి దానికి మినహాయింపు. ఉద్యానములు కాని పులుల అభయారణ్యములందును ఇంచుమించు ఇదే పద్ధతి. అమ్రాబాదు అడవిలోని సలేశ్వరమునకు చైత్రపూర్ణిమ వేళ కొలది దినములు మాత్రమే దారి తెరచుట తెలంగాణమువారు ఎరిగినదే.

స్కాట్లండు దేశమున ఈ లెక్క తలక్రిందులు. అచటి జాతీయోద్యానములలో తిరుగుటకు ద్వారము లేదు, చీటి లేదు, రుసుము లేదు. పగలైనను రాత్రియైనను, కొండపైనను కోనలోనను, సరస్సునందును నదియందును ఎవరైనను సంచరింపవచ్చును. వింతయేమనగా ఆ భూమిలో అధికభాగము ప్రభుత్వముది కాదు, ప్రైవేటు యజమానులది. అయినను హక్కు మొదటిది, నిషేధము దానికి మినహాయింపు. కాదనువాడే కారణము చూపవలెను.

ఈ ఏర్పాటు ఎట్లు పుట్టినది, ఎట్లు నడచుచున్నది, ఎచట చిక్కుపడుచున్నది అను మూడు సంగతులను ఈ వ్యాసమున మేము వివరింపదలచితిమి. దూరదేశపు ముచ్చట మనకేల యని కొందరు అనవచ్చును. గ్లాస్గో, ఎడిన్‌బరో నగరముల విద్యాలయములకు మన తెలుగు బిడ్డలు పోవుచున్నారు. సెలవుదినమున వారెక్కు కొండలు ఇవియే. అదియునుగాక, అందరిదైన హక్కును అందరును ఒకేమారు వాడుకొన్నచో ఆ హక్కునకు ఆధారమైన వస్తువు ఏమగునను ప్రశ్న ఒక్క దేశమునకు చెందినది కాదు.

పాత తగవు

పందొమ్మిదవ శతాబ్దమున స్కాట్లండు పర్వతసీమలు పెద్ద పెద్ద ఎస్టేటుల చేతులలో నుండెను. లేళ్లవేటయు, గ్రౌస్ అను పక్షులవేటయు ధనికులకు వేడుకయైన కొలది, ఆ లోయలలో అన్యులు తిరుగరాదను పట్టుదల హెచ్చినది. 1845లో ఎడిన్‌బరో పౌరులు ప్రజామార్గముల రక్షణకై ఒక సంఘమును స్థాపించిరి. రెండేండ్లకే పరీక్ష ఎదురైనది. 1847లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రాచార్యుడు జాన్ హటన్ బాల్‌ఫర్ తన శిష్యులతో మొక్కలను పరిశీలించుచు గ్లెన్ టిల్ట్ అను లోయవెంట వచ్చుచుండగా, ఆథోల్ డ్యూకు పరిచారకులతో ఎదురు నిలిచి దారి లేదనెను. గురుశిష్యులు ఎట్లో బయటపడిరి గాని తగవు న్యాయస్థానమున కెక్కినది. తుదకు ఆ లోయమార్గము ప్రజలకు దక్కినది.

నలువదేండ్ల పిమ్మట గ్లెన్ డోల్ లోయలో మరియొక తగవు. ఆస్ట్రేలియాలో ధనము గడించి తిరిగివచ్చిన డంకన్ మాక్‌ఫర్సన్ అను నాతడు అచట ఎస్టేటు కొని, బ్రేమార్ గ్రామమునుండి కొండదాటి సంతకు గొఱ్ఱెలను తోలుకొని పోవు పాతబాటను మూయబూనెను. సంఘము వ్యాజ్యము వేసినది. దానికి సాక్షులెవరు? దస్తావేజులు గల పెద్దమనుష్యులు కారు. ఆ బాటవెంట చిన్ననాటినుండి మందలను తోలిన ముదుసలి కాపరులు. తమ కాళ్లు ఎరిగిన సంగతిని వారు కోర్టులో చెప్పిరి. 1888లో లండనులోని ప్రభువుల సభ ప్రజల పక్షమున తీర్పు నిలిపినది. వ్యాజ్యపు ఖర్చులకు ఇరుపక్షములును చితికిపోయినవి. నేడు గ్లెన్ టిల్ట్, గ్లెన్ డోల్ అను ఆ రెండు లోయలును కెయిర్న్‌గార్మ్స్ జాతీయోద్యానములోనివే.

ఇట్టి తీర్పులు ఒక్కొక్క బాటకు మాత్రమే రక్షణ నిచ్చినవి. బాట విడిచి కొండయెక్కువాని గతి యేమి? కొండలపై అందరికిని సంచార హక్కు నొసగవలెనని జేమ్స్ బ్రైస్ అను రాజనీతిజ్ఞుడు 1884లో బ్రిటిషు పార్లమెంటున బిల్లు ప్రవేశపెట్టెను. అది నెగ్గలేదు. ఆనాటినుండి హక్కు చేతికి వచ్చువరకు మరి నూటపందొమ్మిది యేండ్లు గడచినవి. ఆ మధ్యకాలమున నడచువారు నడచుచునే యుండిరి, యజమానులలో పలువురు చూచియు చూడనట్లు ఊరకుండిరి. కాని ఊరకుండుట వేరు, హక్కు వేరు. ఊరకున్నవాడు రేపు లేచి కాదనవచ్చును.

ఉద్యానముల పుట్టుక

అమెరికాలో జాతీయోద్యానముల ఉద్యమమునకు పేరుపొందిన జాన్ మ్యూర్ 1838లో స్కాట్లండులోని డన్‌బార్ పట్టణమున పుట్టినవాడు. అయినను ఆయన జన్మభూమికి జాతీయోద్యానము 2002 వరకు లేదు. 1945లో ఒక సంఘము అయిదు ప్రదేశములను సూచించినది. 1949లో వచ్చిన చట్టము ఇంగ్లండు, వేల్సులకు ఉద్యానములను తెచ్చినది గాని స్కాట్లండునకు తేలేదు. స్కాట్లండు పార్లమెంటు తిరిగి ఏర్పడిన పిమ్మట 2000 నాటి చట్టముచే 2002లో లాఖ్ లోమండ్–ట్రోసాక్స్ ఉద్యానమును, 2003లో కెయిర్న్‌గార్మ్స్ ఉద్యానమును వెలసినవి. లాఖ్ అనగా సరస్సు. మొదటిది 1,865 చదరపు కిలోమీటరులు. రెండవది 2010లో జరిగిన విస్తరణతో 4,528 చదరపు కిలోమీటరులై, బ్రిటనులో అన్నిటికంటె పెద్దదైనది.

ఇవి నిర్మానుష్యములైన అడవులు కావు. కెయిర్న్‌గార్మ్స్‌లోనే సుమారు 18,000 మంది నివసించుచున్నారు. గ్రామములు, బడులు, గొఱ్ఱెల మందలు, మద్యము కాచు బట్టీలు అన్నియు ఉద్యానములోనే కలవు. అందుచే చట్టము నాలుగు లక్ష్యములను చెప్పినది: ప్రకృతి సంస్కృతుల సంరక్షణ, వనరుల మితవినియోగము, ప్రజల అవగాహన–ఆనందము, స్థానికుల ఆర్థిక సామాజికాభివృద్ధి. నాలుగును కలిసి నడువవలెను. నడువలేక ఒకదానితో నొకటి ఢీకొన్నచో మొదటిదానికి, అనగా సంరక్షణకు, ఎక్కువ విలువ నీయవలెనని చట్టమే శాసించినది. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. ముందు పని పడును.

చట్టము చెప్పునదేమి?

సంచార హక్కునకు మూలము 2003 నాటి స్కాట్లండు భూసంస్కరణ చట్టము. ఇది 2005 ఫిబ్రవరి 9న అమలులోనికి వచ్చినది. వినోదమునకు, విద్యకు, ఒకచోటినుండి మరియొకచోటికి పోవుటకు ఎవరైనను భూమిపైనను నీటిపైనను సంచరింపవచ్చునని దీని సారాంశము. కాలినడక, సైకిలు, గుఱ్ఱపుస్వారి, పడవ, ఈత, కొండయెక్కుట, చిన్న గుడారము వేసి రాత్రి నిద్రించుట అన్నియు ఇందులోనివే. చట్టము పార్కులకు మాత్రమే కాదు, దేశమంతటికిని వర్తించును. ఉద్యానముల హద్దులలో దీనిని కాపాడు బాధ్యత మాత్రము ఉద్యాన ప్రాధికార సంస్థది.

ఈ హక్కు అన్నిచోట్లను అన్నిపనులకును చెల్లదు. ఇండ్లు, ఇంటివారి ఏకాంతమునకు తగినంత పెరడు, బడి ఆవరణలు, పంట నిలిచియున్న పొలములు, ఆట జరుగుచున్న మైదానములు దీనిలో చేరవు. పంటపొలమైనచో గట్టువెంట నడువవచ్చును. గోల్ఫు మైదానమును దాటిపోవచ్చును గాని ఆడుటకు హక్కు లేదు. వేట, చేపలు పట్టుట, మోటారు వాహనములపై తిరుగుట, అదుపులేని కుక్కను వెంట తెచ్చుట, అమ్మకమునకై అడవి వస్తువులను కోసికొనిపోవుట ఈ హక్కులోనివి కావు. నడువలేని వికలాంగుల వాహనమునకు మాత్రము మినహాయింపు కలదు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటి: హక్కు బాధ్యతతో వాడుకొన్నవానికే. బాధ్యత యనగా ఏమో ప్రవర్తన నియమావళి యను చిన్న గ్రంథము చెప్పును. ఇతరుల ప్రయోజనములను గౌరవింపుము, పరిసరమును కాపాడుము, నీ పనులకు నీవే పూచీపడుము, అని దానిలో మూడు సూత్రములు. ఉదాహరణకు గుడారము చిన్నది కావలెను, కొద్దిమందితోనే విడియవలెను, ఒకేచోట రెండు మూడు రాత్రులకు మించి ఉండరాదు. మలవిసర్జనకు నీటినుండి 30 మీటరులైనను ఎడమున్న తావు చూచికొని గుంటతీసి పూడ్చవలెను. గొఱ్ఱెపిల్లలున్న మడిలోనికి కుక్కను కొనిపోరాదు. చేరిన మడిద్వారమును ఎట్లున్నదో అట్లే విడువవలెను.

ఈ బాధ్యత ఏకపక్షము కాదు. యజమానియు తన భూమిని నడచువారి హక్కునకు భంగము కలుగనట్లు నిర్వహింపవలెను. జనులను అడ్డుకొనవలెనను ప్రధానోద్దేశముతో కంచె వేయుట, ద్వారమునకు తాళము వేయుట, “దారి లేదు” అని పలక నాటుట, భయపెట్టు పశువును విడిచిపెట్టుట చట్టవిరుద్ధము. నడచువాడును యజమానియు ఒకే త్రాసులో చెరియొక తట్ట వంటివారు.

తాళము వేసిన గేటు

ఇక ఆచరణ యెట్లుండునో చూతము. ఒక యాత్రికుడు బాటపై తాళము వేసిన గేటును చూచి ఉద్యాన సంస్థకు తెలుపుననుకొందము. సంస్థలో ఈ వ్యవహారములకై ప్రత్యేకాధికారులు కలరు. ఆ యధికారి మొదట పోలీసును పిలువడు. చెప్పులు తొడిగికొని గేటువద్దకు పోవును. తాళమెందుకు వేసితివని యజమాని నడుగును. ఒక్కొక్కప్పుడు కారణము న్యాయమైనదే యగును: దొంగలు ట్రాక్టరుతో వచ్చి గొఱ్ఱెలను ఎత్తుకొనిపోయిరి, లేదా మోటారు సైకిళ్లు చొరబడి పచ్చికను చెరచినవి. అప్పుడు పెద్ద గేటునకు తాళముండనిచ్చి, ప్రక్కన మనిషి, సైకిలు, గుఱ్ఱము పట్టునంత చిన్న గేటు పెట్టించును. తగవులలో పెక్కింటిని ఇట్టి చిన్న గేటే తీర్చును.

మాటతో తీరని తగవు స్థానిక సలహా సమితికి పోవును. ఇందులో భూయజమానులు, నడచువారు, స్వారీచేయువారు, గ్రామస్థులు, ప్రభుత్వసంస్థలవారు కలిసి కూర్చుందురు. వారు తీర్పు చెప్పరు, సలహా చెప్పుదురు. అదియు విననిచో సంస్థ లిఖితపూర్వకమైన నోటీసు నిచ్చి అడ్డు తొలగింపుమని కోరవచ్చును. యజమానికి అన్యాయము తోచినచో షెరీఫు కోర్టునకు పోవచ్చును. స్కాట్లండులో షెరీఫనగా న్యాయాధిపతి. పెర్తు నగరముచెంత కిన్‌ఫాన్స్ కోట విషయమై 2007లో అట్టి వ్యాజ్యము నడచినది. అది ఉద్యానములోనిది కాకున్నను అందరును గమనించినది. కోట చుట్టునున్న వనభూమి ఇంటివారి ఏకాంతమునకు అవసరమని షెరీఫు యజమానురాలి పక్షమున తీర్పు చెప్పెను. ఇల్లు పెద్దదైన కొలది పెరడు కూడ పెద్దదగునా అను విమర్శ అప్పుడు బయలుదేరినది.

ఇంతేకాక, తన హద్దులలో ప్రజలు చక్కగా తిరుగుటకు చాలినన్ని ప్రధానమార్గములను గుర్తించి పటము వేయుట సంస్థ విధి. ప్రధానమార్గమునందే నడువవలెనని నిర్బంధము లేదు. కాని మంచి బాట, స్పష్టమైన గుర్తులు, బండి నిలుపు స్థలము, మరుగుదొడ్డి ఒకచోట నుండినచో జనులు తామై అటు పోవుదురు. ఎక్కడ జనము రాకుండుట మేలో అక్కడ నిషేధపు పలక నాటుటకంటె మరియొకచోట మంచి బాట వేయుట మేలని ఈ పని తెలిసినవారి అనుభవము.

సరస్సు ఒడ్డున తగవు

ఈ మెత్తని పద్ధతి చాలనిచోటు లాఖ్ లోమండ్. గ్లాస్గో నగరమునకు ఇది గంట ప్రయాణము. 1930లలో పనిలేని కాలమున గ్లాస్గో, క్లైడ్‌బాంకు యువకులు వారాంతమున ఊరు విడిచి, త్రోవలో క్రెయిగాలియన్ అను చిన్న సరస్సు చెంత నిప్పు చుట్టు చేరి, ఈ కొండలకు నడచిపోవుచుండిరి. చేత కాసు లేనివానికి ఈ ఒడ్డు ధర్మసత్రము వంటిది. ఆ సంప్రదాయమును అచటివారు నేటికిని ప్రేమతో తలచుకొందురు.

కాని బండ్లు పెరిగినవి, జనము పెరిగినది. వేసవి శనివారములందు ఒడ్డున గుడారము ప్రక్కన గుడారము. రాత్రంతయు త్రాగుడు, కేకలు. పచ్చిచెట్లను నరికి మంటలు. తెల్లవారుసరికి సీసాపెంకులు, విడిచిపోయిన గుడారములు, మానవ మలము. ఒడ్డున నివసించు గ్రామస్థులు తమ నీళ్లరేవునకు పిల్లలను పంపలేని స్థితి కలిగినది. 2011లో సరస్సు తూర్పుటొడ్డున గుడారములను నియంత్రించు ఉపనిబంధనలు వచ్చినవి. 2017 మార్చి 1నుండి అట్టి నిబంధనలను మరికొన్ని సరస్సుల ఒడ్డులకు విస్తరించిరి.

వాని స్వరూపమిది. ఉద్యానములో నూటికి నాలుగు పాళ్లకు లోబడిన భూమిని నాలుగు మండలములుగా గుర్తించిరి. మార్చి మొదలు సెప్టెంబరు తుదివరకు ఆ మండలములలో గుడారము వేయుటకు పర్మిటు కావలెను, లేదా ఏర్పరచిన శిబిరస్థలమునకు పోవలెను. పర్మిటునకు కొలది రుసుము. మీరినవానికి 500 పౌనుల వరకు జరిమానా పడవచ్చును. దీనికి ప్రతిగా 300 గుడారములకు చోటు కల్పింతుమని సంస్థ మాట ఇచ్చినది. మిగిలిన ఉద్యానమున, శీతకాలమున ఆ మండలములలోను, పాత హక్కు పాతదే. పగటిపూట నడకకు ఎచటను అడ్డులేదు.

నడచువారి సంఘములు, కొండయెక్కువారి సంఘములు దీనిని గట్టిగా ప్రతిఘటించినవి. వారి వాదము తేలికైనది కాదు. చెట్టు నరకుట, చెత్త వేయుట, అల్లరి చేయుట అదివరకే నేరములు. ఆ చట్టములను అమలుచేయక, ఏ తప్పును చేయక నిద్రించువానిని నేరస్థునిగా చేయుట న్యాయమా? హోటలు గదికి సొమ్ము గలవానికి సరస్సు నిలిచినది, గుడారము తప్ప గతిలేనివానికి దూరమైనది గదా? ఒకచోట అడ్డుపెట్టినచో అల్లరి ప్రక్క లోయకు పోదా? సంస్థవారి సమాధానము: తెల్లవారిన పిమ్మట విడిచిపోయిన గుడారము యజమానిని వెదకి పట్టుట అసాధ్యము, అందరి పేరుచెప్పి కొందరు చేయు నాశమునకు ఒడ్డు తట్టుకొనలేదు.

ఉభయపక్షముల మాటలను విన్న మీదట మాకు తోచినదిది. హక్కును తగ్గింపక తప్పనినాడు నాలుగు షరతులైనను ఉండవలెను. తగ్గింపు చోటు చిన్నదై యుండవలెను. కాలము మితమై యుండవలెను. తీసికొన్నదానికి బదులు మరియొకటి ఈయవలెను. కొన్నియేండ్లకు మరల విచారించు ఏర్పాటుండవలెను. లోమండ్ నిబంధనలలో ఈ నాలుగును ఏదో యొక మేరకు కలవు. మూడేండ్లకు పునర్విచారణ చేయు నేర్పాటును కలదు. అందుచే ఇవి హక్కునకు పెట్టిన కంచెయే గాని హక్కునకు కట్టిన సమాధి కావు. అయినను కంచె వేసినవాడు దానిని తీయు దినమునుగూడ తలపోయవలెను. నిబంధన తేలిక, రేంజరును నియమించుట ఖర్చు. ఖర్చు తగ్గింపదలచిన ప్రభుత్వమునకు నిబంధనయే ఎల్లప్పుడును ముద్దు.

నేలపై గూడు కట్టు పక్షి

కెయిర్న్‌గార్మ్స్‌లో చిక్కు వేరు. అచట తప్పుచేయు అల్లరివాడు లేడు; తప్పేమియు చేయని నడకరివలననే ప్రమాదము. పాత దేవదారు జాతి అడవులలో కాపర్‌కేలీ అను పెద్ద పక్షి కలదు. మగపక్షి నాలుగు కిలోల వరకు తూగును. వసంతమున తెల్లవారుజామున మగపక్షులు ఒక నిర్ణీతస్థలమున చేరి తోకలు విప్పి ఆడును. పెట్టలు వచ్చి చూచి వరించును. పెట్ట నేలపై పొదల మాటున గ్రుడ్లు పెట్టును. మనిషి గాని కుక్క గాని దాపునకు వచ్చినచో లేచి ఎగిరిపోవును. గ్రుడ్లు చల్లబడును, లేదా నక్క పాలగును.

ఈ పక్షి పద్దెనిమిదవ శతాబ్దపు తుదిలో బ్రిటనునుండి అంతరించినది. 1837లో స్వీడనునుండి తెచ్చి మరల ప్రవేశపెట్టిరి. 1970లలో సుమారు 20,000 ఉండినవి. 2021–22 శీతకాలపు లెక్కలో మిగిలినవి 532 అని అంచనా. వానిలో అత్యధికభాగము ఈ ఉద్యానములోనివే. క్షయమునకు కారణములు అనేకము: అడవులు తునుకలగుట, పిల్లలు పొదిగిన వేళ చలివానలు, పక్షులు కొట్టుకొను తీగకంచెలు, నక్కల వంటి శత్రువులు, మనుష్యుల అలజడి. ఇందులో చివరిదానిని మాత్రము ప్రతి మనిషియు నేడే తగ్గింపగలడు.

సంరక్షణకు ఎక్కువ విలువ నీయవలెనను చట్టపు మాటకు ఇచటనే పని. అయినను సంస్థవారు అడవిని మూసివేయలేదు. ఏప్రిలునుండి ఆగస్టువరకు కుక్కను త్రాడున పట్టుకొనుమని, వేసిన బాట దిగవలదని, పక్షుల ఆటస్థలములను వెదకికొని పోవలదని, వాని చిత్రములను తీసి ఆ చోటు లోకమునకు చాటవలదని వేడుకొనుచున్నారు. పక్షులున్న తావునుండి బాటలను మళ్లించి, గ్రామమునకు దగ్గరగా మంచి నడకదారులను చూపుచున్నారు. కార్‌బ్రిడ్జి వంటి ఊళ్ల జనులు ఈ ఆలోచనలలో తామును పాల్గొనుచున్నారు. తమ పెరటిప్రక్క అడవిలో ఏ దారిన సైకిలు పోవచ్చునో, ఏ దారిన పోరాదో, ఆ ఊరివారు చెప్పిన మాటకు పైయూరి అధికారి హెచ్చరికకంటె బలమెక్కువ.

వేడుకోలు చాలునా? పక్షుల సంఖ్య చూచినచో ఈ ప్రశ్న గుండెను తాకును. నిర్బంధము వలదని తాత్సారము చేసిన పది యేండ్లలో పక్షియే పోయినచో, మిగిలిన హక్కు శూన్యమైన అడవిలో తిరుగు హక్కు మాత్రమే. అగ్గి విషయమున సంస్థ గట్టి త్రోవనే పట్టినది: వేసవి నెలలలో ఉద్యానమున బయలుమంటలను నిషేధించు ఉపనిబంధనను రూపొందించినది. 2025 జూనులో కార్‌బ్రిడ్జి, డావా ప్రాంతములందు రేగిన కార్చిచ్చు వేల హెక్టారులను దహించిన పిమ్మట, ఆ జాగ్రత్త అధికమని అనువారు తగ్గిరి.

బురద వచ్చిన బాట

సంచారహక్కును నిర్వహించుటలో కోర్టులకంటె, నిబంధనలకంటె ఎక్కువ శ్రమ కోరునది సామాన్యమైన బాట. కొండబాటపై వాననీరు నిలిచి బురదయగును. వచ్చినవాడు బూట్లు తడియకుండ ప్రక్కగడ్డిపై నడచును. గడ్డి చచ్చును, అదియు బురదయగును. మరియొకడు ఇంకను ప్రక్కకు జరుగును. ఇట్లు మూరెడు బాట కొన్నియేండ్లకు బండిదారియంత వెడల్పగును. మెత్తని పీటునేల కొట్టుకొని పోవును. దీనికి మందు పలకపై వ్రాసిన హితబోధ కాదు. నీరు పోవుటకు అడ్డకాలువ, కాలు నిలుచుటకు రాతిపరపు. ఎత్తైన చోట్లకు రాళ్లను హెలికాప్టరుతో చేర్చి, పనివారు చేతితో ఒక్కొక్కటి పేర్తురు. బాగుగ పరచిన బాటపై మనిషి తనంత తానే నడచును. వానిని ఆజ్ఞాపించ నక్కరలేదు.

ఈ ఖర్చును ఎవరు భరింపవలెనను ప్రశ్నకు అచటను తేలిన సమాధానము లేదు. ప్రవేశరుసుము లేదు గనుక రాబడి లేదు. ప్రభుత్వ ధనము, చందాలు, స్వచ్ఛందసేవకుల చేతులు కలిసి ఈడ్చుకొని వచ్చుచున్నవి. హక్కు ఉచితము, బాట ఉచితము కాదు.

మనకు దగ్గర ఉదాహరణ

తిరుమల కొండకు అలిపిరినుండి మెట్లదారిన ఎక్కు భక్తులలో, తాము శేషాచలపు అడవినుండి పోవుచున్నామని తలచువారు అరుదు. 2023 ఆగస్టులో ఆ దారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలియైనది. అంతట మధ్యాహ్నము రెండు గంటల పిమ్మట చిన్నపిల్లలను ఆ దారిని పోనీయరాదని నియమము పెట్టిరి. మెట్లదారిని మూసిరా? మూయలేదు. ఏ వేళ, ఏ వయస్సువారికి అను రెండు గీతలు గీచిరి. శతాబ్దముల మ్రొక్కును, అడవిమృగపు త్రోవయు, తల్లిదండ్రుల ఆర్తియు ఒక్కచోట తగిలినపుడు మనవారును తెలిసియో తెలియకయో స్కాట్లండువారి సూత్రమునే పట్టిరి: చోటునకు, వేళకు తగిన మితి.

గ్లెన్ డోల్ కాపరులు కోర్టులో నిలిచి చెప్పినది ఒక్కటే మాట: మా తండ్రులు ఈ దారిని నడచిరి, మేమును నడచితిమి. ఆ మాటకు నేడు మరియొక మాట చేర్పవలసియున్నది: మా బిడ్డలును నడువవలెను. నడచుటకు కొండ మిగిలియుండవలెనన్న, తాళము వేయు యజమానియు, సీసా విసరు యాత్రికుడును ఇద్దరును ఒక అడుగు వెనుకకు వేయవలెను. సెలవులకు కొండకో కోనకో పోవు మన పాఠకులు, తాము కూర్చుండి లేచిన చోటును ఒక్కమారు వెనుదిరిగి చూచినచో, ఏ చట్టమును చేయలేని పనిని చేసినవారగుదురు.